ఇరవై ఆరు అంగుళాలు

ఆ ఏడు వానలు వెలిశాక మా ఇంట్లో మొదలైన గొడవకు ఆస్తి కారణం కాదు, పెళ్లి కారణం కాదు. మూడంగుళాలు. కొండసైకిలు చక్రం ఇరవై ఆరు అంగుళాలుండాలా, ఇరవై తొమ్మిదుండాలా అన్న మాట మీద మా నాన్నా, అన్నయ్యా ఒకే కప్పు కింద పగవాళ్లయ్యారు. చలి ముదిరేసరికి ఆ గొడవ తీరిపోయింది. ఎలా తీరిందో చెప్తాను.

మా నాన్న వయసులో ఉన్నప్పుడు కొండసైకిళ్ల పందేల్లో పేరు మోసిన మనిషి. ఆ రోజుల్లో కొండసైకిలంటే ఇరవై ఆరే. వేరే కొలత ఉంటుందని ఎవరూ అనుకోలేదు. పందేలు మానేశాక ఆయన సైకిలు షాపులో కూర్చున్నాడు. కింద షాపు, పైన ఇల్లు. ఒక పక్క ఇస్త్రీ కొట్టు, ఇంకో పక్క తాళాలు బాగుచేసేవాడి కొట్టు. పొద్దున్నే షట్టరెత్తితే రబ్బరు వాసన, గ్రీజు వాసన మెట్లెక్కి మా వంటింటిదాకా వచ్చేవి. చక్రానికి బెండు తీయడంలో నాన్నని మించినవాడు లేడని ఊళ్లో అనుకునేవాళ్లు. వంకర పోయిన రిమ్ముని బిగించి, చువ్వల్ని వేలితో మీటి, ఏది వదులో ఏది బిగుతో చెవితో చెప్పేవాడు. చెయ్యి అంత మంచిది. నోరు మాత్రం మంచిది కాదు.

అన్నయ్య తాడిలా ఎదిగాడు. షాపు గుమ్మంలోంచి తల వంచి రావలసిందే. నాన్న వాడిని 'నిచ్చెన' అనేవాడు. నేను పొట్టి. నన్ను 'బొంగరం' అనేవాడు. ఇద్దరం ఆయన దగ్గరే పందేలు నేర్చుకున్నాం, ఇద్దరివీ ఇరవై ఆరు చక్రాల బళ్లే. నాది నాకు చొక్కాలా సరిపోయింది. అన్నయ్య మాత్రం దానిమీద కూర్చుంటే సర్కసులో ఎలుగుబంటిలా ఉండేవాడు. మలుపు తిరిగినప్పుడల్లా మోకాళ్లు హ్యాండిలుకి తగిలేవి. అక్కడి చర్మం కమిలి, నల్లబడి, గట్టిపడిపోయింది.

వానలు వెలిసిన కొత్తలో కంపెనీ ఏజెంటు ఒకాయన వ్యానులో రెండు కొత్త బళ్లేసుకుని వచ్చాడు. ఒకటి ఇరవై తొమ్మిది, ఒకటి ఇరవై ఏడున్నర. మెత్తటి మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు. ఇప్పుడు అన్ని ఊళ్లలోనూ పెద్ద చక్రాలే పోతున్నాయనీ, ఇరవై ఆరుకి టైర్లు తయారుచేయడం కూడా తగ్గించేస్తున్నారనీ, ఈ ఊళ్లో అమ్మకం మీరే చూసుకోండనీ, మీ అబ్బాయి మా బండి మీద పందెం చేస్తే ఖర్చులన్నీ మేమే పెట్టుకుంటామనీ చెప్పాడు.

నాన్న విన్నంతసేపూ విని, "బాబూ, చేతకానివాడి కోసం చక్రం పెంచారన్నమాట," అన్నాడు. "రాయి వస్తే తప్పించుకోవడం రానివాడికి రాయి మీదనించి పోయే చక్రం ఇచ్చారు. రేపు కొండ ఎక్కడం కూడా రాదంటే కొండని దించుతారా?"

ఏజెంటు నవ్వేసి ఊరుకున్నాడు. బళ్లు ఓ వారం ఉంచి వెళ్తాననీ, నడిపి చూసి అప్పుడు చెప్పమనీ అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అన్నయ్య ఆ పెద్ద బండి పక్కనే నిలబడి ఉన్నాడు. సీటు మీద చెయ్యి వేశాడు, తీశాడు. వాడి నడుం దగ్గరికి వచ్చింది సీటు. వాడి కొలతకి కుట్టినట్టుంది ఆ బండి. నాన్న అది చూశాడు.

ఊరి వెనక పాత రాళ్ల క్వారీ ఉంది. పని ఆగిపోయి చాలా ఏళ్లయింది. పైనుంచి కిందికి ఒక దారి ఉంది: మొదట రాళ్లు తేలిన పొడుగాటి వాలు, ఆ తర్వాత పాము మెలికల్లాంటి మలుపులు. పందేలు జరిగే కొండ దారి కూడా ఇలాంటిదే, అందుకే సాధన అంతా మాకు అక్కడే. నాన్న ఆ ఆదివారం మమ్మల్నీ, మూడు రకాల బళ్లనీ అక్కడికి తీసుకెళ్లాడు. అమ్మ కూడా వచ్చింది, నీళ్ల సీసాలు పట్టుకుని. ఇద్దరం మూడేసి బళ్ల మీదా దిగాలి, తను వాచీ పట్టుకుంటాడు, దీంతో అందరి నోళ్లూ మూతపడాలి. అదీ ఆయన పెట్టిన పరీక్ష.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇరవై ఆరు మీద నేను గాలిలా దిగాను. చిన్న చక్రం మాట వింటుంది. ఇటంటే ఇటు, అటంటే అటు, తొక్కగానే అందుకుంటుంది. పెద్ద బండెక్కితే నా కాళ్లు నేలకి సరిగా అందలేదు, హ్యాండిలు నా గుండెల దాకా వచ్చింది. రాళ్ల వాలులో అది బాగానే పోయింది కానీ మలుపుల్లో నేనొకటి చెప్తే అదొకటి చేసింది. మధ్య కొలత బండి మీద పరవాలేదనిపించింది.

అన్నయ్య సంగతి దానికి తలకిందులు. ఇరవై ఆరు మీద వాడు ఎప్పటిలాగే అవస్థపడుతూ దిగాడు. ఇరవై తొమ్మిది మీద దిగినప్పుడు మాత్రం నేనూ అమ్మా మాట్లాడుకోవడం ఆపేశాం. రాళ్లు వాడి కింద లేనట్టే ఉంది. మోకాళ్లు ఎక్కడా తగల్లేదు. కిందికొచ్చి ఆగి, కాలు నేలమీద ఆనించి, వాడు నవ్వాడు. అన్నయ్య అలా పళ్లు కనపడేలా నవ్వడం నేను చూసింది తక్కువ.

నాన్న వాచీ వంక చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"చూశావుగా," అన్నాడు వాడితో. "చక్రం దిగింది. నువ్వు దిగలేదు. ఆ బండి మీద గేదెని కూర్చోబెట్టినా ఇంతే వేగంగా దిగుతుంది." నా వైపు తిరిగి, "ఇదీ దిగడమంటే. ఇరవై ఆరు మీద దిగింది నా కూతురు," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అమ్మ, మధ్యది ఉందిగా, అదొకటి తీసుకుంటే ఇద్దరికీ గొడవుండదు కదా అంది. నాన్న అది గాడిదా కాదు గుర్రమూ కాదని కొట్టిపారేశాడు. మర్నాడే ఏజెంటుకి ఫోను చేయించి బళ్లు పంపించేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు?

అక్కణ్ణించి నాన్న చేతికి నేనొక కర్రనయ్యాను. అన్నయ్యని కొట్టాలంటే నన్నెత్తేవాడు. పెద్ద చక్రాల గురించి ఎవరైనా షాపులో మాటెత్తితే చాలు, నన్ను పైనించి పిలిచి, "ఇదిగో, ఇంత లేదు, ఇరవై ఆరు మీద ఎవర్నైనా ఓడిస్తుంది. మా వాడున్నాడు, తాటిచెట్టంత, వాడికి పెద్ద చక్రం కావాలట," అనేవాడు. పక్కనే పంక్చరు వేస్తున్న అన్నయ్య తల ఎత్తేవాడు కాదు. ఇస్త్రీ కొట్టతను కూడా ఆ మాటలకి నవ్వేవాడు.

ఆ ఏటి మొదటి పందెంలో నేను ఆడపిల్లల్లో గెలిచాను. మగపిల్లల్లో అన్నయ్య ఎక్కడో వెనకపడ్డాడు. వాడికన్నా ముందొచ్చిన వాళ్లందరివీ పెద్ద చక్రాలే. ఇంటికొచ్చాక నాన్న నా బండిని వాడి చేత కడిగించాడు. "గెలిచిన చక్రం ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూడు," అన్నాడు. అన్నయ్య బకెట్టు తెచ్చుకుని, వీధిలో కూర్చుని, చువ్వ చువ్వా తుడిచాడు. నేను కడుక్కుంటాలే అని వెళ్లాను. వాడు నా మొహం వంక చూడకుండానే, "లోపలికి పో," అన్నాడు. అంతవరకూ వాడు నన్ను అలా విదిలించి ఎరుగడు.

రెండో పందేనికి ముందు సాధన మరీ ఘోరంగా సాగింది. మోకాలు తగిలినప్పుడల్లా నాన్న వాడిని మళ్లీ పైకెక్కి దిగమనేవాడు. వాడు ఎక్కేవాడు. ఒకరోజు మలుపులో పడి మోచెయ్యి చీరుకుంటే, నాన్న దగ్గరికెళ్లి ముందు బండి లేపాడు. అన్నయ్య ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఆ మౌనం నాన్నకి ఇంకా కోపం తెప్పించేది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మా ఇంట్లో ఇద్దరున్నారు.

చివరికి నాన్నకే ఏదో తోచింది. వీడి కాళ్లు పొడుగు, కాబట్టి సీటు ఎత్తితే సరిపోతుంది, చక్రానికేం లోపం లేదు, అన్నాడు. పందెం రోజు పొద్దున షాపులోనే అన్నయ్య బండి సీటు పైకి లాగాడు. సీటు కింది గొట్టం మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనపడేటంత పైకి లాగకూడదు, లాగితే లోపల పట్టు చాలదు. కొత్తగా సైకిలు కొన్న ప్రతివాడికీ నాన్న చెప్పే మొదటి మాట అదే.

అమ్మ మెట్లమీద నిలబడి చూస్తోంది.

"గీత కనపడుతోందండీ," అంది.

"రెండు వేళ్లే. ఏం కాదు," అన్నాడు నాన్న పానా తిప్పుతూ.

అన్నయ్య కూడా గీత చూశాడు. అమ్మ వంక చూశాడు. బండి పట్టుకుని బయటికి నడిపించుకుపోయాడు.

రాళ్ల వాలులో గొట్టం పుటుక్కున విరిగిందట. నేను పైన నా వంతు కోసం నిలబడి ఉన్నాను, చూడలేదు. కింద నుంచి అరుపులు విని పరుగెత్తాను. అన్నయ్య రెండు బండల మధ్య పడున్నాడు. ఎడమకాలు మోకాలి దగ్గర్నుంచి పక్కకి తిరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాడు. ఏడవట్లేదు. నోరు మాత్రం చేప నోరులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

ఆసుపత్రికి నేనూ అమ్మా వెళ్లాం. నాన్న సాయంత్రం వచ్చాడు. అంతసేపూ ఆయన కొండ మీదే ఉన్నాడు, విరిగిన బండిని దించి షాపుకి చేర్చి వచ్చాడు. అప్పటికి డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు. ఎముక అతుకుతుంది, మోకాలు మాత్రం ఇదివరకులా వంగదు, సైకిలు సంగతి మర్చిపోండి. నాన్న మంచం దగ్గర నిలబడ్డాడు. చేతులకి గ్రీజు ఉంది. అన్నయ్య నుదుటి మీద చెయ్యి వేయబోయి, గ్రీజు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"చక్రం చెక్కు చెదర్లేదురా," అన్నాడు. "బిగించి చూశాను. వెంట్రుకవాసి కూడా బెండు లేదు."

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. అమ్మ గ్లాసు కడగడానికి బయటికెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టే చాలాసేపు రాలేదు. నేను వెళ్లి చూస్తే, కుళాయి కట్టేసి, ఆరిన గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాన్న ఆ చక్రాన్ని షాపు ముందు స్టాండుకి బిగించి ఉంచాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ దాన్ని తిప్పి చూపించేవాడు. గొట్టం విరిగింది, నిజమే, అది గొట్టం తప్పు, చక్రం చూడండి, అనేవాడు. బుద్ధిలేక కాదు. ఆ మాట అనడం ఆపితే ఇంకో మాట అనాల్సొస్తుందని భయం. ఆ సంగతి నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, ఆ చక్రం తిరుగుతున్న చప్పుడు పైకి వినపడుతుంటే చెవులు మూసుకోవాలనిపించేది. వచ్చినవాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. తాళాల కొట్టతను మాత్రం ఒకసారి, "పిల్లాడెలా ఉన్నాడు?" అని అడిగాడు. నాన్న చక్రాన్ని ఇంకోసారి తిప్పాడు.

షాపు అమ్మ పేరున ఉంది. వాళ్ల నాన్న ఇచ్చింది. ఆ సంగతి మాకు గుర్తుండేది కాదు, నాన్నకి అసలే గుర్తుండేది కాదు. అన్నయ్యని ఇంటికి తెచ్చిన రోజు, వాడు చంకలో కర్రతో మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుంటుంటే, అమ్మ మేకుకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి తీసి వాడి చొక్కా జేబులో వేసింది. నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"రేపట్నించి వాడు కౌంటర్లో కూర్చుంటాడు," అంది. "మీరు లోపల పని చూసుకోండి."

గొంతు పెంచలేదు. ఆ తర్వాత, అన్నం వేళయింది, చేతులు కడుక్కోండి, అని పైకెళ్లిపోయింది. నాన్న ఏదైనా అంటాడేమోనని నేను చూశాను. ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు.

అన్నయ్య మారిపోయాడు అనడం సరికాదు. వాడు మాట్లాడడం మొదలుపెట్టాడు, అంతే. మాట్లాడితే నాన్న మాటల కన్నా మెత్తగా ఉండేవి, ఇంకా లోతుగా దిగేవి. మొదట ఏజెంటుని పిలిపించాడు. పెద్ద చక్రాల బళ్లు వరసగా దిగాయి. నాన్నకి పని అప్పజెప్పాడు: కొత్త బళ్ల చక్రాలు బిగించి, బెండు చూసి ఇవ్వడం. నాన్న ఆ పని చేశాడు. బాగా చేశాడు కూడా. చేతకాదనడం ఆయన ఒంట్లో లేదు.

ఇంకో పని కూడా ఉంది. పాత బళ్ల వాళ్లెవరైనా వస్తే, అన్నయ్య మాట్లాడేవాడు కాదు. "నాన్నా, వీళ్లకి చెప్పు," అనేవాడు. నాన్న లేచొచ్చి, ఇరవై ఆరుకి సామాను రావడం లేదని చెప్పాలి. ఆ మాట ఆయన నోటితోనే రావాలి. ఒకరోజు బడి టీచరొకామె వచ్చింది. పాత బండి, శుభ్రంగా పెట్టుకుంది, వెనక టైరు మాత్రం అరిగిపోయింది. ఆ టైర్లు వెనక గదిలో గుట్టగా ఉన్నాయి. నాన్న అన్నయ్య వంక చూశాడు. అన్నయ్య రసీదు రాసుకుంటున్నాడు.

"ఈ సైజు రావడం లేదమ్మా," అన్నాడు నాన్న.

ఆమె నిరాశగా, బండి ఇంకా బాగానే ఉందండీ, అంది. నాన్న వంగి దాని ముందు చక్రాన్ని ఒకసారి తిప్పాడు. "బాగానే ఉంది," అన్నాడు. అన్నయ్య తలెత్తి, ఆమెకి కొత్త బళ్లు చూపించమని నాన్నకే చెప్పాడు.

వెనక గది సామానంతా తుక్కు వాడికి తూకానికి పోయింది. ఆఖరికి నా బండి వంతు వచ్చింది. దాన్ని ఇప్పమని అన్నయ్య నాన్నకే చెప్పాడు. నేను అడ్డం నిలబడ్డాను. ఇది నాది, నేను గెలిచిన బండి, నాకింకేం వద్దు, ఇది వదిలెయ్యి, అన్నాను. షాపు బండి మీదే నువ్వు పోటీ చెయ్యాలి, ఏజెంటుకి మాటిచ్చాను, అన్నాడు వాడు. పోనీ మధ్య కొలతదైనా ఇమ్మన్నాను. గోడకి ఆనించి ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

"మధ్యది వద్దు," అన్నాడు. "పెద్దదే ఎక్కుతావు. అలవాటవుతుంది."

నాన్న పానా పట్టుకుని మా ఇద్దరి మధ్యా కూర్చుని ఉన్నాడు. "దాని కాళ్లకి..." అని మొదలుపెట్టాడు.

"నిన్నడిగినప్పుడు చెప్పు," అన్నాడు అన్నయ్య.

నాన్న నా బండి ఇప్పాడు. ముందు పెడళ్లు, తర్వాత గొలుసు, ఆ తర్వాత చక్రాలు. ఇప్పుతున్నప్పుడు ఒక్కొక్క నట్టూ గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు, మళ్లీ బిగించబోతున్నట్టు. ఓడలు బళ్లవుతాయంటారు. అవుతున్నప్పుడు చూడ్డం మాత్రం కష్టం.

చలి మొదలయ్యాక రోజూ క్వారీకి వెళ్లేవాళ్లం. అన్నయ్య కాలు చాపుకుని ఒక బండ మీద కూర్చునేవాడు, కర్ర పక్కన పెట్టుకుని. నేను మలుపు దగ్గర పడితే, "మళ్లీ," అనేవాడు. ఇంకోసారి పడితే ఇంకోసారి, "మళ్లీ." ఆగితే నా కాళ్లు నేలకి అందక బండి నా మీద పడేది. తొడ లోపలి వైపంతా నీలంగా కమిలిపోయింది. అమ్మ చూసి నూనె రాసింది కానీ వాడితో ఏమీ అనలేదు. ఆ రోజుల్లో అమ్మకి వాడు ఏం చేసినా తప్పుగా కనపడలేదు. వాడి కాలి కేసి చూస్తే ఆమెకి ఇంకేదీ కనపడేది కాదు.

ఆఖరి పందేనికి అమ్మ రాలేదు. అన్నయ్య పడిన దగ్గర్నుంచి ఆమె పందేలకి రావడం మానేసింది. నాన్నని ఎవరూ రమ్మనలేదు. అయినా వచ్చాడు. బయలుదేరే గీత దగ్గర నేను మునివేళ్ల మీద నిలబడి బండిని పట్టుకుని ఉంటే, గుంపులోంచి వచ్చాడు, జేబులోంచి పానా తీశాడు. హ్యాండిలు కాస్త దించుతానమ్మా, అన్నాడు. అమ్మా అని నన్ను ఆయన ఎప్పుడూ పిలవలేదు, బొంగరం అనే పిలిచేవాడు. వంగి నట్టు మీద పానా పెట్టాడో లేదో, అన్నయ్య కర్ర చప్పుడు వినపడింది.

"ముట్టుకోకు," అన్నాడు.

చుట్టూ జనం ఉన్నారు. ఒకప్పుడు ఇదే కొండ మీద నాన్నని భుజాలకెత్తుకున్న వాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. నాన్న పానా తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి నడిచి తాడుకి అవతల నిలబడ్డాడు.

ఈల ఊదారు. రాళ్ల వాలులో ఆ బండి చాలా బాగా పోయింది, కాదంటే అబద్ధమవుతుంది. నలుగురైదుగుర్ని దాటాను. కాసేపు, నిజంగానే అలవాటైందేమో అనుకున్నాను. తర్వాత మలుపులు వచ్చాయి. మొదటి దాంట్లో జారి, ఎలాగో నిలదొక్కుకున్నాను. రెండో దాంట్లో పడ్డాను. లేచి ఎక్కితే మూడో దాంట్లో మళ్లీ పడ్డాను. ఈసారి బండి నా మీదికొచ్చి పడింది. దాన్ని తోసుకుని లేస్తుంటే, మొదటి పందెంలో నేను ఓడించిన పిల్లలు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి ఆగబోయింది. పో, పో, అన్నాను.

మోచేతి నించి రక్తం కారుతోంది. బండిని ఎవరికీ అడ్డం కాకుండా దారి పక్కన ఒక బండకి ఆనించాను. కింద అన్నయ్యా నాన్నా నా కోసం నిలబడి ఉంటారని తెలుసు. ఇంకో వైపు కాలిబాట ఉంది, అది రోడ్డు మీదికి పోతుంది. ఆ బాట పట్టాను. హెల్మెట్టు తలమీదే ఉందని రోడ్డు మీదికొచ్చేవరకూ తెలియలేదు.

అమ్మ తలుపు తీసి నన్ను చూసి, వెనక ఎవరైనా ఉన్నారేమోనని వీధి వంక చూసింది. ఎవరూ లేరు. నీళ్లు కాచి మోచెయ్యి కడిగింది. అన్నం పెట్టింది. ఇకమీదట నేను సైకిలెక్కను, అన్నాను. సరే, అంది. అంత తొందరగా సరే అంటుందనుకోలేదు. ఎందుకో ఆ మాటకే ఏడుపొచ్చింది, అంతవరకూ రాలేదు.

వాళ్లిద్దరూ చీకటి పడ్డాక వచ్చారు. నేను లోపలి గదిలో పడుకుని ఉన్నాను. కింద షట్టరు తీసిన చప్పుడు, బండిని లోపల పెట్టిన చప్పుడు. నా కోసం మనుషుల్ని పెట్టి కొండంతా వెతికించారట. నాన్న మలుపుల దాకా తనే ఎక్కి, బండిని చూసి, పక్కనే నేను దెబ్బతిని పడి ఉంటానేమోనని భయపడి అక్కడే కూలబడ్డాడట. అవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం మెట్ల మీద కర్ర చప్పుడు, వెనక నాన్న అడుగులు. ఇంటికొచ్చేసింది, పడుకుంది, లేపకండి, అని అమ్మ చెప్పడం వినపడింది.

ఆ తర్వాత నాన్న గొంతు వినపడింది. అలసిపోయిన గొంతు, అందులో వేళాకోళం లేదు.

"ఆ చక్రం దానికి పెద్దదిరా. పొట్టి పిల్ల. దానికి చిన్నదే సరి." కాస్త ఆగాడు. "పెద్దది నీకు సరి. ఆ రోజు క్వారీలోనే చూశాను. తెలియక కాదు."

అన్నయ్య కుర్చీ లాక్కుని, కాలు చాపుకుని కూర్చున్నట్టున్నాడు. కర్ర గోడకి ఆనించాడు.

"నేనూ ఆ రోజే చూశాను నాన్నా," అన్నాడు. "చెల్లికి ఏది సరిపోతుందో."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కాసేపటికి పళ్లేల చప్పుడైంది. అమ్మ ఇద్దరికీ వడ్డించింది, ఇద్దరూ తిన్నారు.